అచ్చం ఆ రాత్రిలాగే

జనవరి 12, ఆదివారం

ఆఫీసువాళ్ళు ఏటా ఇచ్చే డైరీ ఇది. ఏటా వంటింటి అలమరలో పప్పుల డబ్బాల వెనక పడి ఉంటుంది. ఈసారి రాయాలనిపించింది. తెలుగులో రాస్తే మా అమ్మాయి నిస్సీ చదవలేదు. పదిహేనేళ్ళొచ్చినా దానికి అక్షరాలు రావు. ఫెబి చదవగలదు గానీ, మొగుడి సంగతులు చదివే ఓపిక ఆవిడకి ఎప్పుడో పోయింది.

ఇవాళ మొదటి రిహార్సల్.

మా ప్లాంటులో మెషీన్ల మెయింటెనెన్స్ చూసే డెక్లన్‌కి ఒక బ్యాండు ఉంది. అందులో అందరూ అరవై దాటినవాళ్ళే. డెబ్బైలనాటి బ్రిటిష్ బ్యాండు కోల్డ్ ఫర్నేస్ వాళ్ళ లైవ్ ఆల్బమ్ ‘బ్రిస్టల్ నైట్’ని మొదటినుంచి చివరిదాకా, అచ్చం ఆ రాత్రి ఎలా జరిగిందో అలాగే వాయిస్తారు. పాటకీ పాటకీ మధ్య ఆ గాయకుడు అన్న మాటలు, మధ్యలో దగ్గిన దగ్గుతో సహా. వాళ్ళ ఆర్గనిస్టు బ్రెండన్‌కి క్రిస్మస్ ముందు గుండె ఆపరేషన్ అయింది. “నీకు ఆ ఆల్బమ్ తెలుసా, రాబర్ట్?” అని డెక్లన్ క్యాంటీన్‌లో అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది.

తెలియకపోవడమేమిటి? ఏలూరులో ఇంటర్ చదివేటప్పుడు మా మేనమామ హైదరాబాదులో ఎవరిదగ్గరో కాపీ చేయించి తెచ్చాడు ఆ క్యాసెట్. నాన్న చర్చిలో వాయించేవాడు. ఆయన లేనప్పుడు తలుపులు మూసుకుని, చర్చి కీబోర్డు మీద ఆ పొడుగాటి ఆర్గన్ సోలో మొత్తం చెవితో పట్టాను. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా వాయిస్తాను.

ఇవాళ వాయించాను. మొదలుపెట్టీ పెట్టగానే అందరూ ఆగి నావైపు చూశారు. నేను అరస్వరం పైన ఉన్నాను. ఆ కాపీ క్యాసెట్ కాస్త వేగంగా తిరిగేదన్నమాట. ఇన్నేళ్ళూ నేను నేర్చుకున్నది ఎక్కడా లేని శ్రుతిలో.

“మీ ఇండియాలో బ్రిస్టల్ కొంచెం ఎత్తులో ఉందా?” అన్నాడు డెక్లన్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గంటలో మొత్తం కిందికి దించేశాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

జనవరి 19, ఆదివారం

ఫెలోషిప్‌కి వెళ్ళలేదు. స్లైగోలో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ ఒక పారిష్ హాలులో ఆదివారం మధ్యాహ్నం ఆరాధన పెట్టుకుంటాయి. ఈ ఊరు వచ్చిన నాటినుంచీ అక్కడ కీబోర్డు వాయించేది నేనే. రిహార్సల్ కూడా ఆ సమయానికే. ఒక్క వారం మానితే ఏమీ కాదని ఫెబితో అన్నాను.

“ఒక్క వారమేనా?” అంది.

“ఒక్క వారమే.”

జనవరి 26

వెళ్ళలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

సాయంత్రం శౌరి అన్న ఇంటికొచ్చాడు. ఫెలోషిప్ నడిపేది ఆయనే. వారమంతా కేర్ హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తాడు, ఆదివారం మాకు వాక్యం చెబుతాడు.

“వందనాలు తమ్ముడూ. ఒంట్లో బాగుంటల్లేదా?”

“బాగానే ఉందన్నా. పని ఎక్కువైంది.”

“ఆదివారం పూట కూడానా?”

వంటింట్లోంచి ఫెబి బయటికొచ్చింది. “దాచడం దేనికండీ? రాక్ బ్యాండులో వాయిస్తన్నారన్నా. జుట్టు నెరిసిన దొరలందర్నీ వెంటేసుకుని.”

శౌరి అన్న కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలికయ్యేది.

“దేవుడిచ్చిన వేళ్ళు. ఎక్కడ వాయించుకోవాలో నీ ఇష్టం తమ్ముడూ. మాకే కష్టంగా ఉంది. మార్తా ఆంటీ పాట ఒకచోట ఎత్తుకుంటే మేమంతా ఇంకోచోట ఉంటన్నాం.” నవ్వాడు.

“ఇన్నేళ్ళు వాయించానన్నా. ఒక్కరోజైనా ఎవరైనా బాగా వాయించావన్నారా?”

“దేవుడికి వాయించేవాడికి మనం చెప్పేదేంటి?”

ఇదీ వరస. వాళ్ళకి నేను స్విచ్ వేస్తే వెలిగే బల్బుని. బల్బుని ఎవరూ మెచ్చుకోరు. ఆరిపోతే మాత్రం ఇంటికొచ్చి అడుగుతారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

సోలో అయ్యాక డెక్లన్ దగ్గరికొచ్చి, చెవిలో, “బ్రెండన్‌కి చెప్పకు గానీ, ఇది అతని చేతుల్లో ఎప్పుడూ ఇలా పలకలేదు” అన్నాడు. ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను.

ఇంటికొచ్చి ఫెబికి చెప్పాను. “బ్రెండన్‌కెందుకు చెప్పకూడదంట?” అంది. ఏ మాటకైనా వెనకాల ఏదో వెతుకుతుంది ఈవిడ.

మార్చి 2, ఆదివారం

కీబోర్డు తెచ్చేసుకున్నాను. నాదే కదా. ఇంట్లో సాధన చెయ్యడానికి కావాలి.

ఆరాధన అయ్యాక అందరూ ప్లేట్లు పట్టుకుని తింటున్న సమయానికి వెళ్ళాను. ఎవరైనా ఏదైనా అంటారని కారులోనే జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. శౌరి అన్న వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు. మార్తా ఆంటీ దాని మీద కప్పే గుడ్డ మడతపెట్టి ఇచ్చింది. ఆవిడే కుట్టింది దాన్ని. “ఇదీ తీసుకెళ్ళు నాయనా. దుమ్ము పడుద్ది.”

ఒక్కరైనా అడ్డుపడితే బాగుండేది.

ఇంటిముందు దిగేటప్పుడు ఫెబి, “ఆ గుడ్డ అక్కడే వదిలెయ్యాల్సింది మీరు” అంది.

మార్చి 16, ఆదివారం

ఇది పెద్ద వార్త. ఈస్టర్ ముందురోజు శనివారం ఇక్కడే ఊరి హాలులో ప్రదర్శన. దాన్ని రికార్డు చేసి ఆల్బమ్‌గా వేస్తారట. అసలైన నల్ల రికార్డు, అట్టతో, ఫోటోలతో. డెక్లన్ చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

నాకు జీవితమంతా లైవ్ ఆల్బమ్‌లే ఇష్టం. ఆ రోజుల్లో ఇంగ్లండు బ్యాండ్లు చేసినవి ఎన్ని దొరికితే అన్ని విన్నాను. స్టూడియోలో తప్పు వస్తే చెరిపి మళ్ళీ వాయిస్తారు. నలుగురి ముందు నిలబడి వాయించినప్పుడు అబద్ధమాడటానికి చోటుండదు. మా ప్లాంటులోనూ అంతే. రిజిస్టరులో చేసింది చేసినట్టు రాయాలి. చెయ్యనిది చేసినట్టు రాస్తే మర్నాడే ఇంటికి పంపిస్తారు.

“గుడ్ ఫ్రైడేకీ ఈస్టర్‌కీ మధ్యనా?” అంది ఫెబి. “ఆరోజు ప్రభువు సమాధిలో ఉన్నాడండీ. నేను రాను.”

“ఐ విల్ గో,” అంది నిస్సీ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. “సమ్‌బడీ హ్యాజ్ టు.”

ఏప్రిల్ 20, ఈస్టర్

ఫెబి, నిస్సీ తెల్లవారుజాము ఆరాధనకి వెళ్ళారు. నేను పడుకున్నాననుకున్నారు. పడుకోలేదు. నిన్నటిది మర్చిపోకముందే రాయాలి.

హాలు నిండింది. ముందు వరసలో బ్రెండన్, ఒళ్ళో దుప్పటి. బాగా చిక్కిపోయాడు. వెనక గోడకి ఆనుకుని నిస్సీ, దాని స్నేహితురాలు. స్టేజి నిండా మైకులు. నేను కూర్చున్నది బ్రెండన్ ఆర్గన్ ముందే. నలుగురు మోస్తే గానీ కదలని పాత చెక్క ఆర్గన్.

మొదటి సగం అచ్చం ఆల్బమ్‌లాగే నడిచింది. గాయకుడు దగ్గాల్సిన చోట దగ్గాడు, జనం నవ్వారు. తర్వాత నా వంతు. ఆ రాత్రి బ్రిస్టల్‌లో మిగతావాళ్ళు స్టేజి దిగి పక్కకి వెళ్ళారట, వీళ్ళూ అలాగే వెళ్ళారు. లైటు నా ఒక్కడి మీద.

సగందాకా ఒక్క స్వరం తప్పలేదు. అక్కడ ఆల్బమ్‌లో చిన్న ఆగడం ఉంటుంది, ఊపిరి తీసుకున్నంత. ఆగాను. ఆగినప్పుడు గుర్తొచ్చింది, తెల్లారితే ఈస్టర్ అని. మా ఊళ్ళో ఈస్టర్ తెల్లవారుజామున అందరం పాడుకుంటూ సమాధుల దొడ్డికి వెళ్ళేవాళ్ళం. నాన్న మెడలో హార్మోనియం తగిలించుకుని ముందు నడిచేవాడు. ఒక పాట అయిపోయి ఇంకో పాట ఎత్తుకునేలోపు, జనం నడక ఆగకుండా ఒక వరస వాయించేవాడు. అది ఏ పాటా కాదు. ఆయన పోయాక ఎవరూ వాయించగా నేను వినలేదు, నేనూ ఎన్నడూ వాయించలేదు. నిన్న వేళ్ళు వాటంతటవే అందులోకి వెళ్ళాయి.

ఎంతసేపు వాయించానో తెలియదు. హాలులో ఒక్క గ్లాసు చప్పుడు లేదు. చివరికి మళ్ళీ బ్రిస్టల్‌లోకి వచ్చి ముగించాను. ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. చెడగొట్టాననుకున్నాను. అప్పుడు వెనకనుంచి నిస్సీ గొంతు, హాలు పగిలేలా: “గో ఆన్, డ్యాడ్!”

ఇక జనం లేచారు. అందరూ. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. నాతో ఎప్పుడూ ఇంగ్లీషులో నాలుగు ముక్కలు తప్ప మాట్లాడని పిల్ల, అంతమందిలో నన్ను డ్యాడ్ అని అరిచింది.

డెక్లన్ స్టేజి పక్కనుంచి కదలకుండా నన్నే చూస్తున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయనుకుంటాను.

ఏప్రిల్ 24, గురువారం

ప్లాంటులో డెక్లన్ కనిపించాడు. శనివారం ఎలా ఉందని అడిగాను. “గ్రాండ్” అన్నాడు, నడుస్తూనే. ఈ దేశంలో టీ బాగున్నా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. నేను మంచి అర్థమే తీసుకుంటున్నాను.

మే 11, ఆదివారం

రిహార్సళ్ళు లేవు. బ్యాండు గ్రూపులో ఎవరూ ఏమీ రాయడం లేదు. రికార్డింగును సరిచేసి కలపడానికి చాలా సమయం పడుతుంది. తెలిసినవాళ్ళెవరినడిగినా అదే చెబుతారు.

మే 18, ఆదివారం

శుక్రవారం డెక్లన్ సెలవు పెట్టాడు. ఎందుకని అడిగితే, “బ్రెండన్‌ని టాలట్ తీసుకెళ్తున్నా” అన్నాడు. టాలట్‌లో పెద్దాసుపత్రి ఉంది. మళ్ళీ గుండేనేమో, పాపం. ఆ చిక్కిన మొహం గుర్తొచ్చి, ఫెలోషిప్‌లో ఆయన కోసం ప్రార్థన పెట్టించమని ఫెబితో చెప్పాను.

“పేరేంటి? పేరు చెప్పి ప్రార్థన చెయ్యాలి కదా.”

“బ్రెండన్. ఆర్గన్ వాయించే బ్రెండన్ అని చెప్పు.”

సాయంత్రం తిరిగొచ్చి, అందరూ మోకాళ్ళూని ప్రార్థించారని చెప్పింది. ఆయన చేతులు తిరిగి బలపడాలని శౌరి అన్న ప్రత్యేకంగా అడిగాడట.

“కీబోర్డు లేకుండా ఎలా పాడుతున్నారు?” అన్నాను, మామూలుగా అడిగినట్టు.

“బానే ఉంటందండీ. ఇప్పుడు మాటలు వినపడతన్నాయంట, మార్తా ఆంటీ అన్నారు.”

అడగడం నాదే తప్పు.

జూన్ 1

డెక్లన్ మెసేజీ పెట్టాడు. ఆల్బమ్ వచ్చేసిందట. పదిహేనో తారీకు మధ్యాహ్నం పబ్బులో అందరి ముందూ వినిపిస్తారు. కుటుంబంతో రమ్మన్నాడు.

చూశావా అన్నాను ఫెబితో. ఏమిటి చూడాల్సింది అంది.

జూన్ 15, ఆదివారం

ఫెబి ఫెలోషిప్‌కి వెళ్ళింది. నేను, నిస్సీ పబ్బుకి. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను.

అట్ట చేతికిచ్చాడు డెక్లన్. ముందు స్టేజి ఫోటో, పొగలో ఎవరి మొహమూ సరిగ్గా లేదు. వెనక పేర్లు. గిటార్: డెక్లన్. డ్రమ్స్, బేస్, గాత్రం, ఎవరి పేరు వాళ్ళకి. ఆర్గన్: బ్రెండన్.

అచ్చుతప్పనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. కిందికి వెళ్తే, కృతజ్ఞతలు అని చిన్న అక్షరాల్లో, హాలు తాళాలు తెరిచినాయన, శాండ్‌విచ్‌లు చేసినావిడ, వ్యాన్ ఇచ్చినవాళ్ళు, రిహార్సళ్ళలో సహాయపడిన రాబర్ట్.

అప్పటికే రికార్డు తిరుగుతోంది. సోలో వచ్చింది. బాగుంది. తడబాటు లేదు, శుభ్రంగా, తుడిచిన అద్దంలా ఉంది. నాది కాదు. సగం దగ్గర ఊపిరి తీసుకున్నంత ఆగడం, మళ్ళీ బ్రిస్టల్. నాన్న వరస ఉండాల్సిన చోట ఏమీ లేదు, కోసి అతికించారు. టాలట్‌కి ఎందుకెళ్ళారో అప్పుడు వెలిగింది నాకు. ఆసుపత్రికి కాదు. స్టూడియోకి.

సోలో ముగిసింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. “గో ఆన్, డ్యాడ్!” తర్వాత కుర్చీల చప్పుడు, ఈలలు, చప్పట్లు. అవన్నీ అలాగే ఉంచారు.

పబ్బులో జనం బ్రెండన్ వీపు తట్టారు. ఎవరో అడిగారు, “ఎవరా పిల్ల, డ్యాడ్ అంటోంది?” బ్రెండన్ గ్లాసు దించి, “ఎవరో ఏమో. నాకు తెలిసినంతవరకు నాకెవరూ లేరు” అన్నాడు. పబ్బంతా ఘొల్లుమంది. అతను నావైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నాడని తెలుస్తూనే ఉంది.

నిస్సీ బయటికి వెళ్ళిపోయింది.

డెక్లన్‌ని వెనక పీపాలుండే చోటికి పిలిచాను.

“ముందే చెప్పాల్సింది. నాకు చేతకాలేదు” అన్నాడు. “బ్రెండన్, నేను పద్దెనిమిదేళ్ళప్పుడు మొదలుపెట్టాం ఈ బ్యాండు. అతని పేరు మీద ఒక్క రికార్డు లేదు. ఇంకో సంవత్సరం ఉంటాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. నీకింకా చాలా కాలం ఉంది.”

“ఆ రాత్రి వాయించింది నేను.”

“నువ్వు ఆ రాత్రి వాయించింది బ్రిస్టల్ కాదు, రాబర్ట్. అందమైనదే కావచ్చు. నేను పక్కన నిలబడి ఎప్పుడు వెనక్కొస్తావా అని లెక్కపెట్టుకుంటున్నాను. జనం కొనేది బ్రిస్టల్ నైట్.”

“మరి చప్పట్లు?”

“వేరే చప్పట్లు అతికిస్తే కృత్రిమంగా ఉంది. మీ అమ్మాయి గొంతు తీసేద్దామనుకున్నాం. అన్ని మైకుల్లోనూ పడింది, ఊడి రాలేదు.”

లైవ్ అని అట్ట మీద ఎలా వేశారని అడిగాను. నిజంగానే ఆశ్చర్యపోయి చూశాడు నన్ను.

“లైవ్ రికార్డులన్నీ అలాగే నమ్ముతావా? నీ బ్రిస్టల్ నైట్‌లో సోలో ఆ రాత్రిది అనుకుంటున్నావా? ఆరోజు వాళ్ళ ఆర్గనిస్టు తాగి సగంలో ఆపేశాడు. నెల తర్వాత లండన్ స్టూడియోలో కూర్చుని మొత్తం మళ్ళీ వాయించాడు. ఇది అందరికీ తెలిసిందే.”

నాకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా తెలియదు.

నిస్సీ నది ఒడ్డున గోడ మీద కూర్చుని ఉంది. వాన పడుతోంది. “దట్ వజ్ మీ,” అంది. “ఐ షౌటెడ్ ఫర్ యూ. నాట్ ఫర్ హిమ్.”

“తెలుసమ్మా.”

“సో వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ?”

కారు తాళాలు వెతుక్కున్నాను.

జూన్ 16, సోమవారం

ఫెబికి మొత్తం చెప్పాను. అన్నం కలుపుతూ విన్నది. చివరికి అంది:

“ఆయన చేతులు బలపడాలని మేమంతా మోకాళ్ళూని అడిగాం కదండీ. దేవుడు విన్నాడు.”

ఎగతాళి కాదు. ఎగతాళి అయితే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి.

జూన్ 21, శనివారం

నిస్సీ మొత్తం సంగతి ఇంటర్నెట్లో పెడతానంది. వీడియో కూడా ఉందట దాని స్నేహితురాలి ఫోన్‌లో, నాన్న వరస దగ్గరనుంచి చివరిదాకా. వద్దన్నాను. డెక్లన్‌తో రోజూ ఒకే ప్లాంటులో పని. పైగా బ్రెండన్ రోగి. పైగా మనకీ ఒక మర్యాద ఉంటుంది.

“యూ ఆర్ స్కేర్డ్,” అంది.

మర్యాదకీ భయానికీ తేడా పదిహేనేళ్ళ పిల్లకి ఎలా తెలుస్తుంది?

వీడియో నాకు చూపించమని అడగలేదు. అదీ చూపిస్తాననలేదు.

జూలై 6, ఆదివారం

ఇల్లు ఖాళీ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు రికార్డులూ విన్నాను.

ముందు మాది. వాళ్ళది. మిగతా పాటల్లో, డ్రమ్ముల ముందు పెట్టిన మైకుల్లో నా ఆర్గన్ కొంత పడినట్టుంది, పూర్తిగా తుడవలేకపోయారు. బ్రెండన్ వెనకాల చాలా దూరంలో, గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు, నేనున్నాను. తెలియనివాళ్ళు వింటే రికార్డులో లోపం అనుకుంటారు.

తర్వాత అసలు బ్రిస్టల్. డెక్లన్ చెప్పింది నిజమే. ఒకసారి చెప్పాక వినబడకుండా ఉండదు. పాటలన్నిటి వెనకా హాలు ఉంది, జనం ఊపిరి ఉంది. సోలో దగ్గర హాలు మాయమైపోతుంది. ఒక చిన్న గదిలో ఒక మనిషి, ఒక ఆర్గన్. అయిపోగానే మళ్ళీ హాలు వచ్చి చప్పట్లు కొడుతుంది. చర్చి తలుపులు మూసుకుని నేను ప్రాణం పెట్టి నేర్చుకున్నది ఇది.

ఫెలోషిప్‌కి రమ్మని ఫెబి అడగడం మానేసింది. శౌరి అన్న ఫోన్ చెయ్యడం కూడా.

ఆగస్టు 5, మంగళవారం

క్యాంటీన్‌లో డెక్లన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. జూన్ తర్వాత ఇదే మొదటిసారి. నెలాఖరున వాటర్‌ఫోర్డ్‌లో ఒక పండగ ప్రదర్శన ఉందట. బ్రెండన్ అంత దూరం ప్రయాణం చెయ్యలేడు. “నువ్వు తప్ప ఇంకెవరికీ ఆ సోలో రాదు” అన్నాడు. “ఒక్కటే. రికార్డులో ఉన్నట్టు వాయించాలి. అక్కడికి వచ్చేవాళ్ళు అది కొనుక్కుని విని వస్తారు.”

రానని మొహం మీదే చెప్పేశాను.

ఆగస్టు 6

చెప్పలేదు. ఆలోచిస్తానన్నాను.

ఆగస్టు 8, శుక్రవారం

సరేనన్నాను. దీనికి నా కారణాలు నాకున్నాయి. అక్కడ స్టేజి మీదికెక్కాక నన్ను ఆపేవాళ్ళెవరు? ఈస్టర్ ముందురాత్రి వాయించిన నాదే వాయిస్తాను. డెక్లన్ పక్కన నిలబడి చూస్తూ ఉండాల్సిందే. నిస్సీకి ఈ మాట చెప్పాను. చాలా రోజులకి నా మొహంలోకి చూసింది. “ప్రామిస్?” అంది.

ప్రామిస్ అన్నాను.

ఫెబి మాత్రం, “పిలిచాడు కాబట్టి వెళ్తన్నారు. ఆ మాటే చెప్పొచ్చు కదండీ దానికి” అంది.

ఆగస్టు 17, ఆదివారం

రోజూ బ్రెండన్‌ది సాధన చేస్తున్నాను. డెక్లన్‌కి అనుమానం రాకూడదు కదా. రిహార్సల్లో అది తప్పు లేకుండా రావాలి.

ఆగస్టు 24

రిహార్సల్. తప్పు లేకుండా వచ్చింది. డెక్లన్ కళ్ళు మూసుకుని విని, “ఇప్పుడు తేడా తెలియడం లేదు” అన్నాడు.

సంతోషం వేసింది. ఇది ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

ఆగస్టు 31, ఆదివారం

వాటర్‌ఫోర్డ్‌లో రాత్రి ఉండి, పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను.

నిన్న హాలు బాగానే నిండింది. సోలో దగ్గర అందరూ దిగి పక్కకి వెళ్ళారు. సగందాకా వచ్చాను. ఆగాల్సిన చోట ఆగాను. ఎవరూ నన్ను పట్టుకోలేదు, ఎవరూ బెదిరించలేదు. డెక్లన్ నావైపు చూడటం కూడా లేదు, గిటార్ తీగ ఏదో బిగించుకుంటున్నాడు. ముందు వరసలో ఒకాయన ఒళ్ళో ఆల్బమ్ పెట్టుకుని కూర్చున్నాడు, సంతకాలకి కాబోలు. ఆయన తల ఊపుతూ తర్వాత రాబోయేది ముందే వింటున్నాడు. నేను ఆయనకి అదే ఇచ్చాను. చివరిదాకా రికార్డులో ఉన్నట్టే, అచ్చం అలాగే.

చప్పట్లు కొట్టారు. కూర్చునే కొట్టారు. ఒళ్ళో ఆల్బమ్ ఉన్నాయన తర్వాత వచ్చి, “బ్రెండన్, సంతకం పెడతారా?” అన్నాడు. పెన్ను తీసుకున్నాను. బ్రెండన్ అని పెట్టాను.

ఇంట్లోకి అడుగు పెట్టగానే నిస్సీ మెట్లమీదనుంచి దూకినట్టు దిగింది. “విచ్ వన్ డిడ్ యూ ప్లే?”

“నాదే,” అన్నాను.

“అండ్ డెక్లన్?”

“మొహం మాడ్చుకున్నాడు.”

గట్టిగా నవ్వింది. వంటింట్లోకి పరుగెత్తింది. “అమ్మా, హి డిడ్ ఇట్!” ఫెబి స్టౌ దగ్గరనుంచి తిరిగి నావైపు చూసింది. ఇరవయ్యేళ్ళ కాపురం. “చేతులు కడుక్కోండి, అన్నం పెడతాను” అంది.

అన్నం తిన్నాక నిస్సీ కీబోర్డు మీది గుడ్డ తీసింది. నిన్న వాయించినట్టే ఇప్పుడు వాయించమంది, వీడియో తీసుకుంటానంది. అలిసిపోయానన్నాను. ఒప్పుకోలేదు.

కూర్చున్నాను. సగందాకా బాగానే వచ్చింది. ఆగాను. అక్కడినుంచి నాది మొదలవ్వాలి. మూడు వారాలుగా రోజూ ఏ దారిలో నడిపించానో వేళ్ళు ఆ దారినే పోయాయి. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే. కళ్ళు మూసుకుని నాన్న వరసని మనసులో పాడుకుందామనుకున్నాను. మొదటి రెండు స్వరాలు దొరికాయి. మూడోది బ్రెండన్‌ది.

కళ్ళు తెరిచేసరికి నిస్సీ ఫోన్ కిందికి దించేసింది. అది ఈస్టర్ ముందురోజు హాలులో ఉన్న పిల్ల. దానికి తేడా తెలుసు.

నేను ఏదో చెప్పబోయాను. “ఇట్స్ ఓకే, డ్యాడ్,” వాళ్ళమ్మలాగే మెల్లగా అని, మెట్లెక్కి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. విసురుగా కాదు. చప్పుడు కాకుండా.